ఒక్క ఫైలు మీదే సంతకం పెట్టే వీలుంటే, నగరంలో ఇల్లు అందుబాటులోకి రావడానికి ఏ ఫైలు?

ఇరుకుగది

అందరికీ నమస్కారం. మూడేళ్ళలో నాలుగో ఇల్లు మారాను. అట్టపెట్టెల మీద మార్కర్‌తో రాసుకున్న 'వంటగది', 'పుస్తకాలు' అనే మాటల్ని చెరపడం కూడా మానేశాను. మళ్ళీ వాటికే టేపు వేస్తున్నా. ప్రతిసారీ నేను ఆఫీసుకి కాస్త దూరం జరుగుతున్నా, అద్దె కాస్త పైకి జరుగుతోంది.

నా ప్రశ్న. ఏ దేశమైనా సరే, ప్రభుత్వం ఏం చేస్తే మామూలు జీతగాడికి నగరంలో ఇల్లు దొరుకుతుంది? "అన్నీ కలిపి చేయాలి" అని దయచేసి రాయకండి, ఆ సంగతి నాకూ తెలుసు. ఒక్క సంతకం పెట్టమంటే ఎక్కడ పెడతారు? నా ఓటు ముందే చెప్పేస్తున్నా: అద్దె పెంపుకి పరిమితి. ఎక్కడైనా చేసి చూసి ఉంటే ఏమైందో కూడా రాయండి.

లెక్కలపంతులు

ఇరుకుగది గారూ, మీ సంతకం బెర్లిన్ వాళ్ళు పెట్టేశారు. 2020 ఫిబ్రవరిలో అద్దెల్ని ఉన్నచోట ఆపేస్తూ చట్టం తెచ్చారు. 2014 నుంచి కట్టిన ఇళ్ళకి మాత్రం మినహాయింపు. అప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళకి మేలు జరిగింది, కాదనను. కానీ కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్ళకి ప్రకటనలే కనపడకుండా పోయాయి. చట్టం కిందికి వచ్చిన ఇళ్ళలో అద్దెకిస్తామనే ప్రకటనలు సగానికి పైగా పడిపోయాయి. 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఈ చట్టం చేసే అధికారం రాష్ట్రానికి (బెర్లిన్ నగరమే అక్కడ ఒక రాష్ట్రం) లేదంటూ కొట్టేసింది. తగ్గించి కట్టిన అద్దె తేడాని చాలామంది వెనక్కి కట్టాల్సి వచ్చింది.

ఇంకోటి, శాన్ ఫ్రాన్సిస్కో. 1994లో ఓటర్లు అద్దె నియంత్రణని నాలుగు వాటాల దాకా ఉన్న పాత భవనాలకి కూడా వర్తింపజేశారు. తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, ఆ భవనాల ఓనర్లు అద్దెకిచ్చే ఇళ్ళని 15 శాతం తగ్గించేశారని తేలింది. కొందరు పడగొట్టి కట్టారు, కొందరు విడి ఫ్లాట్లుగా అమ్మేశారు. దానివల్ల నగరమంతా అద్దె 5 శాతం దాకా పెరిగింది. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే పరిశోధన ప్రకారం, నియంత్రణ ఉన్న ఇళ్ళలో అద్దెదారులు అదే చిరునామాలో నిలదొక్కుకునే అవకాశం 10 నుంచి 20 శాతం పెరిగింది.

ఇరుకుగది

మాస్టారూ, ఆ చివరి వాక్యమే కదా నాకు కావాల్సింది! నలభై ఏళ్ళొచ్చాక పిల్లల బడి, పక్కింటి స్నేహం, డాక్టరు అన్నీ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోకుండా ఉండటం మీ లెక్కలో ఏ గళ్ళోకి వస్తుంది?

లెక్కలపంతులు

వస్తుందండీ. కానీ ఆ మేలుకి డబ్బు కట్టేది నగరానికి రేపు రాబోయే మీలాంటి ఇంకో మనిషి. పరిమితి పెట్టే పద్ధతిలో కూడా తేడా ఉంది. అమెరికాలో సెయింట్ పాల్ నగరం 2021 నవంబరులో ఏడాదికి 3 శాతం మించి పెంచకూడదని ఓటేసింది. ఇంకా పునాది కూడా పడని భవనాలకీ అదే రూలు. కట్టడానికి అనుమతి అడిగేవాళ్ళే తగ్గిపోయారు. ఏడాది తిరగకముందే కొత్త భవనాలకి 20 ఏళ్ళ మినహాయింపు ఇచ్చారు. అంటే పాత ఇంటికి మెత్తటి పరిమితి ఒక సంగతి, కొత్త ఇంటికి తాళం వేయడం ఇంకో సంగతి.

సైట్‌మనిషి

నేను సైట్ ఇంజనీర్‌ని. నా సంతకం పార్కింగ్ రూలు కొట్టేయడం మీద. నవ్వకండి.

కారు నిలబడే చోటు పన్నెండు, పదమూడు చదరపు మీటర్లు. దానికి వచ్చిపోయే దారి, మలుపు, ర్యాంపు వాటా కలిపితే ఒక్కో కారుకి 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. చిన్న కుటుంబానికి సరిపోయే రెండు గదుల ఇల్లు 50 చదరపు మీటర్లు. రెండు కార్లకి ఒక ఇల్లు అన్నమాట. అది సెల్లారులో పెట్టాలంటే పక్క భవనం పునాది జారకుండా గోడ పోయాలి, ఊట నీళ్ళు తోడటానికి రాత్రీ పగలూ మోటార్లు నడవాలి. పని మొదలైన మొదటి నెలల ఖర్చంతా భూమి లోపలే ఉంటుంది. పైన ఒక్క ఇటుక కనపడదు.

ఇంకో విషయం బయటివాళ్ళకి తెలియదు. స్తంభాలు ఎక్కడ రావాలో కింద కారు మలుపే నిర్ణయిస్తుంది, పైన ఉండబోయే మనుషులు కాదు. నేను పనిచేసిన ఒక భవనంలో స్తంభం సరిగ్గా పడగ్గది గోడ దాటి అడుగున్నర లోపలికి పొడుచుకొచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళకి "అక్కడ బీరువా పెట్టుకోండి" అని చెప్పారు. కారు లేనివాడు కూడా ఆ ఖర్చంతా ఇంటి ధరలోనే కడుతున్నాడు. అమెరికాలో బఫలో నగరం 2017లో, మినియాపొలిస్ 2021లో ఇంటికి ఇన్ని కార్ల చోటు తప్పనిసరి అనే రూలే ఎత్తేశాయి. పార్కింగ్ నిషేధించలేదు, కావాల్సినవాడు కట్టుకోవచ్చు, అంతే.

ఈఎంఐబాబు

పార్కింగ్ తీసేస్తే రోడ్డంతా కార్లే ఉంటాయి బ్రదర్. వాటి మీద నుంచి దూకి ఇంటికెళ్ళాలి.

సైట్‌మనిషి

రోడ్డు మీద పెట్టినవాడి దగ్గర రుసుము తీసుకోవాలి అన్నా. రోడ్డు ఫ్రీగా ఇస్తూ ఇంట్లో చోటు తప్పనిసరి చేస్తే రెండు వైపులా కారుకే వడ్డించినట్టు.

కిటికీ

సైట్‌మనిషి గారు చెప్పింది బాగుంది కానీ "రూలు ఎత్తేయండి" అనే మాట వింటేనే నాకు భయం. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయారు. బయటి గోడలకి బిగించిన, మంట పట్టే పలకలే మంటని పైదాకా మోసుకెళ్ళాయి. ఇళ్ళు చవకగా కావాలి అంటూ మొదలుపెట్టి ఎక్కడ ఆగుతాం?

సైట్‌మనిషి

మంచి మాట అండీ. నేనూ ఫైర్ రూలు, గాలీ వెలుతురూ రూలు ముట్టుకోనివ్వను. నా గొడవంతా మనిషి ప్రాణానికి సంబంధం లేని రూళ్ళతో. ఇంత కంటే చిన్న ప్లాటులో కట్టకూడదు, ఈ వీధిలో ఒక్క కుటుంబానికి మించి ఉండకూడదు, ఇలాంటివి. హ్యూస్టన్‌లో 1998లో నగరం లోపలి భాగంలో కనీస ప్లాటు 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కి తగ్గించారు. అంతకు ముందు ఒక్క ఇల్లు ఉన్న జాగాలో ఇప్పుడు మూడేసి సన్నపాటి ఇళ్ళు నిలబడ్డాయి. 2013లో అదే నగరమంతా వర్తింపజేశారు. దానివల్ల ఎవరి కిటికీ మూతపడలేదు.

నీడపట్టు

ఇంతసేపూ ఎవరూ వియన్నా పేరెత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వియన్నాలో జనం ఒక మంచాన్ని వంతులవారీగా అద్దెకి తీసుకునేవారు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. 1923లో నగర ఆర్థిక వ్యవహారాలు చూసే హ్యూగో బ్రైట్నర్ ఇళ్ళ నిర్మాణం కోసమే ఒక పన్ను పెట్టాడు. చిన్న ఇంటికి నామమాత్రం, పెద్ద భవంతికి వాచిపోయేలా. ఆ డబ్బుతో అప్పు లేకుండా కట్టడం మొదలుపెట్టి, 1934లో ఆ ప్రభుత్వాన్ని కూలదోసే నాటికి 60 వేలకి పైగా ఇళ్ళు కట్టారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక్కటే కిలోమీటరు పైన పొడుగు, దాదాపు 1,400 ఇళ్ళు. లోపలే బట్టలుతికే గదులు, స్నానశాలలు, పిల్లల బడి, గ్రంథాలయం. ఇప్పటికీ జనం ఉంటున్నారు.

ఇక్కడ అసలు కిటుకు కట్టడం కాదు, అమ్మకపోవడం. ఈ రోజు నగరం చేతిలో 2 లక్షల 20 వేల దాకా ఇళ్ళు ఉన్నాయి. వాటికి తోడు లాభానికి చట్టం హద్దు పెట్టిన గృహ సంఘాలవి. నగర జనాభాలో సగం మంది ఈ రెండింటిలోనే ఉంటారు. పేదలకే అని గిరి గీయలేదు, మధ్యతరగతి వాళ్ళూ ఉంటారు. సగం ఊరు తక్కువ అద్దె కడుతుంటే మిగతా ఓనర్లు ఎంత పడితే అంత అడగలేరు. చట్టంతో పని లేని అద్దె నియంత్రణ అది.

పంతులు గారు చెప్పిన బెర్లిన్‌నే ఇంకోవైపు నుంచి చూడండి. 2004లో ఖజానా ఖాళీ అయిందని నగరం తన గృహ సంస్థని, 65 వేల ఇళ్ళతో సహా, 40 కోట్ల యూరోలకి కాస్త అటూ ఇటూగా అమ్మేసింది. సంస్థ నెత్తిన ఉన్న అప్పులు వేరు, వాటినీ కొన్నవాళ్ళే తీసుకున్నారు. 2021లో అదే నగరం 14,750 ఇళ్ళు తిరిగి కొనడానికి 246 కోట్ల యూరోలు పెట్టింది. అప్పులన్నీ కలిపి చూసినా ఒక్కో ఇంటికి ఎంత పడిందో భాగించుకోండి. నాకైతే కాలిక్యులేటర్ మూసేయాలనిపించింది.

లెక్కలపంతులు

భాగించాను. అప్పులు కలిపి చూసినా బాధగానే ఉంది.

ఈఎంఐబాబు

ప్రభుత్వం కట్టిన ఇళ్ళా? సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో గుర్తుందా? 33 భవనాలు, 1950ల్లో కట్టి, 1972లో పేల్చి కూల్చడం మొదలుపెట్టారు.

నీడపట్టు

గుర్తుంది బాబూ. కట్టడానికి డబ్బిచ్చారు గానీ నడపడానికి ఇవ్వలేదు. మరమ్మతులకి అద్దెల మీద వచ్చేదే ఆధారం. ఊళ్ళోంచి ఫ్యాక్టరీలు, జనం వెళ్ళిపోతుంటే ఇళ్ళు ఖాళీ, అద్దె లేదు, లిఫ్టు బాగుచేసే దిక్కు లేదు. ఒక్క పేదవాళ్ళనే ఒకచోట పోగేసి నిర్వహణ మానేస్తే ఏ భవనమైనా అంతే. నేను అడిగేది వియన్నా సంతకం, సెయింట్ లూయిస్ సంతకం కాదు.

ఈఎంఐబాబు

సరే, నా సంతకం ఇంకా సింపుల్. మొదటి ఇల్లు కొనేవాడికి ప్రభుత్వం డబ్బు సాయం చేయాలి. వడ్డీలో రాయితీ, డౌన్ పేమెంట్‌కి అప్పు, ఏదైనా సరే. బిల్డింగులు ఎవరు కట్టినా నాకెందుకు, నా చేతిలో డబ్బు పెడితే నేనే కొనుక్కుంటా.

లెక్కలపంతులు

బాబూ, మీ చేతిలో పెట్టిన డబ్బు మీ చేతిలో ఉండదు. ఎక్కడికి పోతుందో చెప్తా, బిల్డర్ స్థలం కొనేటప్పుడు వేసే లెక్క చూడండి.

కట్టబోయే ఇల్లు 100కి అమ్ముడుపోతుంది అనుకోండి. కట్టడానికి 50, అనుమతులూ వడ్డీ 10, తన లాభం 15. మిగిలింది 25. స్థలం యజమానికి బిల్డర్ ఇవ్వగలిగింది అంతే. బిల్డర్లు పది మంది పోటీ పడతారు కాబట్టి ఆ 25 మొత్తం యజమానికి చేరుతుంది. ఇప్పుడు మీకు ప్రభుత్వం 10 సాయం చేసింది. మీతోపాటు క్యూలో ఉన్న అందరికీ చేసింది. ఇళ్ళు మాత్రం అన్నే ఉన్నాయి. ఇల్లు 110 అవుతుంది. సిమెంటు ధర పెరగలేదు, మేస్త్రీ కూలి పెరగలేదు. స్థలానికి 35. మీ సాయం మీ సంతకంతోనే నేల ఉన్నవాడి ఖాతాలో పడింది.

ఊరికే అనడం లేదు. ఇంగ్లండ్‌లో 2013లో కొత్త ఇళ్ళు కొనేవాళ్ళకి ధరలో 20 శాతం దాకా ప్రభుత్వమే అప్పిచ్చే పథకం పెట్టారు. లండన్‌లో 2016లో అది 40 శాతం చేశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు చూస్తే, కొత్తగా కట్టడానికి వీలు తక్కువ ఉన్న లండన్‌లో ధరలు పెరిగాయి, నిర్మాణం మాత్రం పెరగలేదు. ఖాళీ స్థలం దొరికే వేల్స్ సరిహద్దు దగ్గర మాత్రం నిర్మాణం పెరిగింది. అంటే మీ పథకం పనిచేయాలంటే ముందు సైట్‌మనిషి గారి పథకం పనిచేయాలి.

ఈఎంఐబాబు

...ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాదు కదా 😅

ఒక్కవాటా

నేను ఓనర్‌ని. తిట్టకండి. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి ఒక్క వాటా కొన్నాను, ఆ అద్దె మీదే మందులు నడుస్తున్నాయి. ఇక్కడ అందరూ ఇంటి ధరలు దిగాలి అంటున్నారు. దిగితే నా ముసలితనం సంగతేమిటి? ఇల్లు అందరికీ అందాలి, ఉన్న ఇంటి విలువ పెరుగుతూనే ఉండాలి అని ప్రతి నాయకుడూ ఒకే నోటితో చెప్తాడు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నాకూ అర్థం కాదు.

నీడపట్టు

పెద్దవారు, మిమ్మల్ని ఎందుకు తిడతామండీ. ఈ చర్చలో అందరికంటే నిజం మీరే చెప్పారు. ఒక్కసారిగా పడిపోతే బ్యాంకులు కూడా మునుగుతాయి. జీతాలు పెరుగుతుంటే ధర పదేళ్ళపాటు ఉన్నచోటే ఉంటే చాలు, మీకు నష్టం లేదు, వచ్చేవాడికి అందుతుంది.

రైలుపట్టా

దానికి టోక్యోనే ఉదాహరణ. జపాన్‌లో ఎక్కడ ఏం కట్టొచ్చో జోన్లు దేశం మొత్తానికి ఒకటే, పన్నెండు ఉండేవి, 2018లో పదమూడోది చేర్చారు. చాలా జోన్లలో అనుమతి ఉన్నదానికంటే తక్కువ ఇబ్బంది పెట్టేది ఏదైనా కట్టుకోవచ్చు. దుకాణాల జోన్‌లో ఇల్లు తప్పు కాదు. రూలు ప్రకారం ఉంటే పక్కింటాయనకి ఇష్టం లేదని ప్లాన్ ఆగదు. మిగతా పెద్ద నగరాలు మండిపోతున్న ఏళ్ళలో అక్కడ అద్దెలు పెద్దగా కదల్లేదు.

కిటికీ

జపాన్ జనాభా తగ్గుతోంది కదండీ.

రైలుపట్టా

దేశంలో తగ్గుతోంది, టోక్యోకి మాత్రం జనం చాలాకాలం వస్తూనే ఉన్నారు. సరే, జనం పెరుగుతున్న చోటే కావాలంటే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ చూడండి. 2016లో నగరంలోని నివాస స్థలాల్లో ముప్పావు వంతు దాకా, ఒక్క ఇంటి చోట వరస ఇళ్ళు, చిన్న అపార్ట్‌మెంట్లు కట్టుకోనిచ్చారు. నిర్మాణ అనుమతులు ఎగబాకాయి. ఆరేళ్ళ తర్వాత, ఆ మార్పు లేకపోతే ఉండే అద్దె కంటే నాలుగో వంతు దాకా తక్కువ ఉందని అక్కడి విశ్వవిద్యాలయం అంచనా వేసింది. ఆ లెక్కని ఒప్పుకోని ఆర్థికవేత్తలూ ఉన్నారు, కానీ ఇళ్ళు కట్టారన్నది కళ్ళకి కనపడుతూనే ఉంది.

నిర్వాహకుడు

ఖాళీ ఇళ్ళ పన్ను గురించి ఇద్దరు నాకు విడిగా రాశారు, ఇక్కడే అడగండి. ఎవరికైనా తెలిస్తే క్లుప్తంగా చెప్పండి.

లెక్కలపంతులు

వాంకూవర్‌లో 2017 నుంచి ఉంది. ఇంటి విలువలో 1 శాతంతో మొదలుపెట్టి 2021కి 3 శాతం చేశారు. ఖాళీగా పెట్టిన ఇళ్ళు తగ్గాయి, ఆ డబ్బు చవక ఇళ్ళకి వాడారు. మంచిదే, కానీ ఆ నగరం ఇప్పటికీ ఖరీదైనదే. తాళం వేసిన ఇళ్ళు కంటికి కోపం తెప్పిస్తాయి గానీ లెక్కలో అవి కొద్దే.

ఇరుకుగది

చర్చ నేను అనుకోని దారిలో పోయింది. పంతులు గారి 25, 35 లెక్క దగ్గర నేను ఆగిపోయాను. రైలుపట్టా గారి మాట ప్రకారం ఎక్కువ అంతస్తులకి అనుమతిస్తే, ఆ అనుమతి కాగితంతోనే స్థలం విలువ పెరుగుతుంది కదా? అది కూడా నేల ఉన్నవాడికేనా?

లెక్కలపంతులు

శభాష్. ఒక్క వీధికే అనుమతిస్తే అచ్చంగా అదే జరుగుతుంది. నగరమంతా ఇస్తే స్థలాలు ఎక్కువై బేరం కొనేవాడి వైపు తిరుగుతుంది. అందుకే ఆక్లండ్ గురించి చెప్పిన ఆ 'ముప్పావు వంతు' అన్న మాట ముఖ్యం.

ఇంకో దారి ఆ పెరుగుదలనే ప్రభుత్వం తీసుకోవడం. సింగపూర్ అలా చేసింది. 1960లో గృహ మండలి, 1966లో భూసేకరణ చట్టం. 1973లో చట్టం సవరించి, పరిహారం ఆ ఏడాది నవంబరు 30 నాటి ధర దాటకుండా చేశారు. తర్వాత ఊరు ఎంత పెరిగినా ఆ లాభం స్థలం వాడికి కాదు, ఇళ్ళకే. ఇప్పుడు అక్కడ పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఆ మండలి కట్టిన ఫ్లాట్లలోనే, 99 ఏళ్ళ లీజు మీద ఉంటారు. అయితే భూములు పోగొట్టుకున్నవాళ్ళ ఉసురు చిన్నది కాదు. 2007లో మళ్ళీ మార్కెట్ ధరకి మార్చారు.

మెత్తటి దారి నేల మీద పన్ను. భవనానికి తక్కువ, స్థలానికి ఎక్కువ. కట్టినవాడికి శిక్ష ఉండదు, నడిబొడ్డున ఖాళీగా కంచె వేసి కూర్చున్నవాడికి ఏటా బిల్లు వస్తుంది. పిట్స్‌బర్గ్‌లో 1913 చట్టంతో మొదలై 2001 దాకా నడిచింది. చివర్లో స్థలాల విలువలు ఒక్కసారే తిరగరాశారు. బిల్లులు చూసి జనం గోల పెడితే ఎత్తేశారు. ఏటా కొంచెం కొంచెంగా సవరించి ఉంటే బతికేదేమో. నా సంతకం దాని మీదే.

ఒక్కవాటా

ఆదాయం లేని ముసలివాళ్ళకి ఆ బిల్లు ఎలా కట్టమంటారు పంతులు గారూ?

లెక్కలపంతులు

బతికున్నంత కాలం వాయిదా వేసి, ఇల్లు చేతులు మారినప్పుడు తీసుకోవచ్చండీ. మీ మందుల డబ్బు జోలికి రావక్కర్లేదు.

ఇరుకుగది

రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. మా వీధి చివర ఖాళీ జాగాలో నాలుగంతస్తుల అద్దె ఇళ్ళు కడతామని దరఖాస్తు పెట్టారట. అభ్యంతరాలు వినే సమావేశానికి నిన్న వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి, పనిరోజున. ఆఫీసులో తలనొప్పి అని చెప్పి వెళ్ళాల్సి వచ్చింది.

గుమ్మం దగ్గర రిజిస్టరు. పేరు, చిరునామా, ఆ స్థలానికి మీ ఇల్లు ఎంత దూరం, 'యజమాని / ఇతరులు'. నా ముందు నలభై సంతకాలు, అందరూ యజమానులే. 'ఇతరులు'లో నేనొక్కణ్ణే. నీడ పడుతుందని ఒకరు, రోడ్డు ఇరుకవుతుందని ఒకరు, "అద్దె జనం వస్తే వీధి పాడవుతుంది" అని ఒక పెద్దావిడ. నేను అద్దె జనమేనండీ అన్నాను. "అయ్యో నిన్ను కాదు బాబూ" అంది, కాస్త జరిగి కూర్చోమని చోటు కూడా ఇచ్చింది.

ఆ ఇళ్ళు కడితే వచ్చి ఉండబోయేవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఎలా వస్తారు, వాళ్ళకి ఈ దరఖాస్తు సంగతే తెలియదు. చివరికి మూడంతస్తులకి తగ్గించి, పార్కింగ్ పెంచి మళ్ళీ రమ్మన్నారు. ఆరు ఇళ్ళు పోయాయి.

సైట్‌మనిషి

పార్కింగ్ పెంచమన్నారా!

ఇరుకుగది

ఇంటికి రెండు కార్లు. మీరే గుర్తొచ్చారు.

కిటికీ

అయితే మీ సంతకం మారిందా?

ఇరుకుగది

పాత ఇంట్లో ఉన్నవాణ్ణి ఒక్కసారే గెంటేయకుండా మెత్తటి పరిమితి ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ ఒక్కటే ఫైలు అంటే, నిన్నటి ఆ సమావేశం ఫైలు. రూలు ప్రకారం ఉన్న ప్లాన్‌కి అభ్యంతరాల సమావేశమే ఉండకూడదు.

ఒక్కవాటా

నేను అలాంటి వాటికి రెండుసార్లు వెళ్ళాను బాబూ, సంతకం కూడా పెట్టాను. ఏ వరసలోనో చెప్పక్కర్లేదు. సవరించిన ప్లాన్ మళ్ళీ ఎప్పుడు వస్తుందట?

ఇరుకుగది

వచ్చే నెల రెండో మంగళవారం అండీ. మళ్ళీ మూడింటికే.

ఒక్కవాటా

నాకు మధ్యాహ్నాలు ఖాళీయే. చిరునామా ప్రైవేటుగా పంపించు.